మూడుసార్లు వచ్చిన పరుపులాయన

మెయిలు వచ్చినప్పుడు ఆమె గ్రంథాలయంలో తిరిగొచ్చిన పుస్తకాలను అరల్లో సర్దుతోంది. చదివి, నోరు నొక్కుకుని, చేతిలో ఉన్న నిఘంటువును తీసుకెళ్ళి వంటల పుస్తకాల మధ్య పెట్టేసింది.

'మీ బ్లాగు మా ప్రకటనలకు ఎంపికైంది. అభినందనలు.'

నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం ఒక కథో కబురో రాసి పెడుతోంది. ఇన్నాళ్ళకు ఒక కంపెనీ తనను వెతుక్కుంటూ వచ్చింది! వెంటనే భర్తకు ఫోన్ చేసింది. పెళ్ళయి మూడు నెలలు. చీమ కుట్టినా చెప్పుకోవాలనిపించే రోజులు.

"అయితే ఇకనుంచి రచయిత్రి గారి అపాయింట్‌మెంట్ తీసుకుని ఇంటికి రావాలా?" అన్నాడతను.

"రండి రండి. గుమ్మం దగ్గరే టోకెన్ ఇస్తాను."

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చుని కంపెనీ షరతులు తెరిచారు. చాంతాడంత ఉన్నాయి. ఒక్క ముక్క చదవకుండా, 'అన్నింటికీ ఒప్పుకుంటున్నాను' అన్నచోట అతని వేలు పట్టుకుని నొక్కించింది. సంబరం పట్టలేక మళ్ళీ ఒకసారి నొక్కించింది.

మూడు ఆదివారాలు గడిచాయి. చదివేవాళ్ళు సగానికి తగ్గిపోయారు. తను రాసుకునే పేజీలో ప్రకటనలు కనపడవు మరి. వానలు కదా, కరెంటు పోతోందేమో అనుకుంది.

ఒక్కరు మాత్రం కదల్లేదు. 'మొదటి బెంచీ' అనే మారుపేరుతో రాసే పెద్దాయన. మొదటినుంచీ ప్రతి కథ కింద మొదటి మాట ఆయనదే. ఆమె ముచ్చటపడి పెట్టే ఫొటోల ఊసైనా ఎత్తడు గానీ, 'ఖాళీ బకెట్లో నీళ్ళు పడే చప్పుడు భలే పట్టుకున్నారమ్మా' అంటాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె వారమంతా రాస్తుంది.

"ఆయన ఉన్నంతవరకూ నా బ్లాగుకు ఢోకా లేదు," అనేది భర్తతో.

నాలుగో ఆదివారం అక్కాచెల్లెళ్ళ కథ పెట్టింది. పదేళ్ళుగా మాటల్లేని ఇద్దరు. చివర్లో చెల్లెలు వానలో తడుస్తూ వచ్చి తలుపు తడుతుంది. అక్క తలుపు తీసి ఏడుస్తుంది. ఆ చోటు రాస్తూ తనూ ఏడ్చింది.

మర్నాడు గ్రంథాలయంలో పాఠకుల సమావేశం. "మన అమ్మాయి కథ మనం చదవకపోతే ఎలా?" అంటూ పెద్ద లైబ్రేరియన్ గారు గోడ మీది తెర మీద బ్లాగు తెరిచారు. కథ కనపడలేదు. తెర నిండా ఒక పొట్ట కనపడింది.

"మలబద్ధకమా? సిగ్గుపడకండి!" అని అరిచింది తెర.

మూసేద్దామని ఆయన నొక్కిన చోటల్లా ఇంకోటి తెరుచుకుంది. వెనక వరసలోంచి ఎవరో, "కథ ముందుకు కదలట్లేదేంటండీ?" అన్నారు. హాలంతా గొల్లుమంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

పక్క సీటు అక్క భుజం తట్టింది. "పోనీలేవే. నేనూ నిన్న చదవబోయాను. సగం కథకే రెండు పరుపులు, ఒక చీపురు అంటగట్టబోయారు. ఇక నావల్ల కాలేదు. ఏమీ అనుకోకు."

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా ప్రకటనలు తీసేయబోయింది. ఆరు నెలల దాకా వీల్లేదట. పదిహేడో షరతు.

అప్పుడే కథ కింద మొదటి బెంచీ మాట కనపడింది.

'కథ బాగుందమ్మా. ఒక్కటే సందేహం. అక్క తలుపు తీసి ఏడుస్తుంటే, మీ నడుం నొప్పికి మా పరుపే మందు అన్నదెవరు? అక్క భర్తా? ఆయన మూడుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా అదే మాట. చెల్లెలు చివరికి ఆయన్ని కూడా క్షమించిందా?'

ఆమె తెరను భర్త వైపు తిప్పింది.

"చూశారా? అందరూ అయ్యారు, ఇప్పుడు ఈయన! పుండు మీద కారం చల్లుతున్నాడు!"

"ముందు మంచినీళ్ళు తాగు. జవాబు తర్వాత రాద్దువుగాని," అన్నాడు భర్త.

ఆమె ఆగలేదు. 'ఆ పరుపులాయన మా ఇంటల్లుడు లెండి. నచ్చకపోతే మీరు మా గుమ్మం తొక్కక్కర్లేదు. అయినా కాస్త కళ్ళు పెట్టి చదివితే ఎవరేమన్నారో తెలుస్తుంది' అని రాసి, ఆయన మళ్ళీ మాట్లాడే వీల్లేకుండా బ్లాక్ చేసేసింది.

"పరువు తీసింది పరుపు గానీ ఆయన కాదు కదే," అన్నాడు భర్త మెల్లగా.

"మీరూ మొదలెట్టండి!" అందిగానీ గొంతులో పస లేదు.

మంగళవారమంతా ఆ జవాబు పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. నాలుగేళ్ళ మనిషిని, ఎవరి మీదో కోపంతో గెంటేసింది. బ్లాగు తెరవడానికే మొహం చెల్లలేదు.

బుధవారం సాయంత్రం ఆరేసిన బట్టలు తీస్తుంటే ఫోన్ మోగింది. బ్లాగులో ఇచ్చిన చిరునామాకు మొదటి బెంచీ నుంచి మెయిలు. చేతిలోని దుప్పటి భర్త భుజం మీద పడేసి, అక్కడే నిలబడి చదివింది.

'అమ్మా, మీ మనసు కష్టపెట్టాను. క్షమించండి. ఆ కథ మళ్ళీ నాలుగుసార్లు మొదటినుంచీ మొదలుపెట్టాను. ప్రతిసారీ ఆ పరుపులాయన దగ్గరే దారి తప్పాను. మీ కథలో లోపం ఉండదు, నాకే అర్థం కాలేదు. రేపు మా చెల్లెలు వస్తోంది, ఆయన కథలోకి ఎక్కడ వచ్చాడో చూసి చెప్పమంటాను. పుట్టుకతోనే చూపు లేనివాణ్ణి కదమ్మా, నా ఫోను ఏది చదివి వినిపిస్తే అదంతా మీరు రాసిందే అనుకుంటాను.'