ఐదో బోరు

"బోరుకు లోను ఇయ్యరా? అయితే నా మామిడి చెట్లు ఎండిపోవాల్నా మేడమ్?"

గురవమ్మ గొంతు బ్యాంకంతా వినిపించింది. టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లంతా పని దొరికినట్టు ఇటు తిరిగారు.

చిత్తూరు బ్రాంచికి కొత్తగా వచ్చిన మేనేజరు రెబెకా ఓపికగా నవ్వింది. "ఎండిపోకూడదనే చెప్తున్నానమ్మా. ఎండలు ఏడాదికేడాది ముదురుతున్నాయి. వానంతా నాలుగు రోజుల్లో కురిసి పారిపోతోంది. అందుకే మా బ్యాంకు ఇప్పుడు పొలంలో కుంటకూ, డ్రిప్పుకూ లోను ఇస్తోంది. వడ్డీ కూడా తక్కువే."

"కుంట నీళ్లు కాకులు తాగేదానికి సరిపోతాయి!" గురవమ్మ పక్క కుర్చీలో ఉన్న మనిషి వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పు యోగానందన్నా. మాట సాయం చేస్తావనే గదా పిల్చుకొచ్చినా."

యోగానంద గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్ చెప్పిందే కరెక్టు గురవమ్మా."

"ఏమప్పా! నువ్వే ఇట్లంటే ఎట్ల?"

"ఇంకెట్లనాల? నాలుగు బోర్లు వేయించినావు. నాలుగుసార్లూ నీళ్లు చూసే ఆయన అరచేతిలో టెంకాయ లేచి నిలబడింది. నీళ్లు లేచినాయా? మొదటిదాంట్లో ఆరునూర్ల అడుగులకు కొంచెం తడి తగిలింది. కడాకు వెయ్యడుగులు పోయినా దుమ్మే. కింద ఉండేది నల్లరాయి. ఐదోది మాత్రం యాడికి పోతుంది?"

"మల్ల నా చెట్లు?"

"పోయిన కార్తీకం వానకు నీ గట్టు తెగి ఎన్ని నీళ్లు రోడ్డు మీదికి పోయినాయో నా కండ్లతో చూసినా. ఆ నీళ్లు పట్టుకో. కుంట తవ్వు, డ్రిప్పు పెట్టు. చెట్లు బతుకుతాయి."

ఆ నలభై చెట్లూ గురవమ్మ తన చేత్తో నాటినవి. భర్త పోయాక ఇల్లు గడిచింది వాటితోనే. అవి పోతే ఇక ఆమెకు ఏముంది? కొంగుతో మొహం తుడుచుకుంది.

"సరే, యాడ సంతకం పెట్టాలో సూపించండి. యోగన్న నాకు చెడ్డ చెప్పడులే."

సంతకాలయ్యేసరికి ఆమె మొహం తేటపడింది. కుంటలో చేపలు కూడా వేస్తానంటూ, ఆధార్ జిరాక్సు కోసం హుషారుగా బయటికి నడిచింది.

రెబెకాకు పట్టలేనంత సంతోషమేసింది. యోగానందకు టీ తెప్పించింది.

"నాలుగు నెలలుగా వచ్చినవాళ్లందరికీ చెప్తున్నానండీ, ఒక్కరంటే ఒక్కరు వినలేదు. మీ మాటకు ఇట్టే ఒప్పుకుంది. ఆ భూమి గురించి అడుగడుగూ తెలుసే మీకు! వ్యవసాయ శాఖలో చేస్తారా?"

యోగానంద సిగ్గుపడుతూ తల గోక్కున్నాడు.

"ఆ నాలుగు బోర్లూ వేసిన బండి నాదే మేడమ్."