సముద్రం వైపు బల్బు

కొత్త లాప్‌టాప్‌కు నెట్ మోడెం పెట్టడం ఉషకు పెద్ద పనేం కాదు. కాలేజీ దరఖాస్తుకు ఈ రాత్రే ఆఖరు. కానీ నెట్ కలవలేదు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించింది. మోడెం మీద ఎర్రలైటు పోలేదు. ఛార్జింగ్ చాలడం లేదని తేల్చుకుంది. పంచలో ఉన్నది ఒకటే ప్లగ్గు. నాయన చేపల వేటకు పోయిన రాత్రుల్లో సముద్రం వైపు వెలిగే బల్బుది. దాన్ని పీకి ఛార్జర్ పెట్టింది.

"బల్బు ఆర్పబాకే! మీ నాయన పడవ ఇంకా రాలా," లోపలినుంచి వాళ్లమ్మ చెంచమ్మ అరిచింది.

"ఇదో, అయిపోయిందిమా!"

మోడెం పచ్చగా వెలిగింది. ఉష నవ్వుకుంది. అంతలో అలల చప్పుడు ఆగిపోయింది.

తెర మీద మెసేజీ వచ్చింది. ఆ నంబరు, కిందటేడు వేటకు పోయి తిరిగిరాని తాతది.

"దీపం పెట్టు పాపా. మీ నాయన నా వైపుకొస్తా ఉండాడు."