లోడు వేస్తే ఆగే లారీ

"మళ్ళీ అక్కడేనా?" లారీ కింద నుంచి మెకానిక్ అడిగాడు.

"అక్కడే మామా. కొండ ఎత్తు మొదలయ్యే చోట. ఒక్క దగ్గు దగ్గి చచ్చింది," అన్నాడు కొడుకు.

"చచ్చింది అనకురా." తల్లి షెడ్డు గుమ్మం పక్కన పాత టైరు మీద కూర్చుని ఉంది. టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. "బయలుదేరే ముందు ఆ మాటలేంటి?"

"ఇంజను సంగతమ్మా."

"ఎవరి సంగతైనా సరే."

మెకానిక్ నవ్వుతూ బయటికి జరిగాడు. మోచేతుల దాకా నల్లటి నూనె. "అక్కా, నువ్వలా డబ్బా పట్టుకుని కూర్చుంటే నాకు ఆస్పత్రిలో ఆపరేషన్ చేస్తున్నట్టుంది."

లారీ కొడుకు కంటే వయసులో పెద్దది. దాని జబ్బు ఎవరికీ అంతుపట్టలేదు. ఖాళీగా ఉంటే కొండెక్కి దిగి వస్తుంది. మెకానిక్ పక్కన కూర్చుని చూసినప్పుడు గుక్క తిప్పుకోకుండా ఎక్కింది. లోడు వేసుకుని కొడుకు బయలుదేరాడా, ఎత్తు మొదట్లోనే ఆగిపోతుంది. కాసేపు నిలబెడితే మళ్ళీ స్టార్టవుతుంది. కానీ పైన వంపులో ఆగితే వెనక్కి జారిపోతుందని కొడుకు అక్కడి నుంచే తిప్పుకొచ్చేస్తాడు.

మెకానిక్ డీజిల్ ఫిల్టర్లు మార్చాడు. గొట్టాల్లో గాలి తీశాడు. ట్యాంకు దింపి కడిగాడు. పంపు విప్పి పరీక్షకు పంపాడు. చివరికి ట్యాంకుతో పనే లేకుండా, కేబిన్‌లో ఒక డబ్బా వేలాడదీసి డీజిల్ పోసి, అక్కడి నుంచి నేరుగా పంపుకు గొట్టం ఇచ్చాడు. నిన్న అలాగే వెళ్ళింది. అలాగే ఆగింది.

"డబ్బాతో కూడా ఆగిందంటే ట్యాంకు తప్పు కాదు. పంపు బాగానే ఉందన్నారు. ఇక నేనేం విప్పాలో నాకే తెలియడం లేదు," అన్నాడు మెకానిక్. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు. "ఓనరు పొద్దున ఫోన్ చేశాడు అల్లుడూ. ఇవాళ కూడా ఎక్కకపోతే తుక్కుకు తోలేస్తాడట. నీకివ్వడానికి ఇంకో బండి లేదట."

"ఎక్కిస్తాను మామా. భయపడేదేముంది?"

తల్లి మాత్రం డబ్బాని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. లారీ పోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? ఎక్కితే ఆ కొండ మీద ఏమవుతుంది? రెండు భయాల్లో ఏది పెద్దదో ఆమెకు తేలలేదు. మొన్న వానల్లో ఆ కొండ మీదే, వీడి కళ్ళ ముందే, ముందు వెళ్తున్న లారీ లోయలోకి జారిపోయింది. అది నడిపినవాడు వీడి స్నేహితుడు. వీడే లోయలోకి దిగి, ప్రాణం పోయినవాణ్ణి భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. ఇంటికొచ్చి స్నానం చేసి, పెట్టింది తిని పడుకున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మగపిల్లాడు, గుండె గట్టిది అనుకుంది ఆమె. ఆ గట్టిదనమే ఏ రోజు ఏం తెస్తుందోనని బెంగ.

"అప్పటి నుంచే కదా తమ్ముడూ దీనికీ జబ్బు. ఇదీ జడుసుకుందేమో," అంది.

"ఇనుముకి జడుపేంటక్కా? తాయెత్తు కట్టమంటావా ఏంటి, రేడియేటరుకి."

"నవ్వుకోండి. ఇవాళ నేనూ వెళ్తాను."

"నువ్వెందుకమ్మా? ఆగితే తోస్తావా?"

"తోస్తాను."

"తీసుకెళ్ళు అల్లుడూ. ఇంకో జత చెవులుంటే మంచిదే," అన్నాడు మెకానిక్. "అక్కా, ఆగే ముందు ఎలా ఉంటుందో సరిగ్గా చూసి చెప్పు. మెల్లగా నీరసపడుతుందా, గొంతు నొక్కినట్టు టక్కున ఆగుతుందా. అది తెలిస్తే నాకు దారి దొరుకుతుంది."

కొడుకు తల దించి తాళం చెవులు వెతుక్కున్నాడు. "మలుపొస్తే కళ్ళు మూసుకునే మనిషి ఈవిడ. ఏం చూసి చెబుతుంది?" అంటూ కేబిన్ ఎక్కాడు.

సిమెంటు బస్తాల బరువుకి లారీ మూలుగుతూ కదిలింది. నేల చదునుగా ఉన్నంతసేపూ కొడుకు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. రోడ్డు మీది గుంతల్ని తిట్టాడు. ఎదురొచ్చిన బస్సు డ్రైవరుని వెక్కిరించాడు. కొండ కనబడ్డాక ఊరుకున్నాడు. మెడ వెనక చెమట కారి చొక్కా కాలరు తడిసింది.

"ఒంట్లో బాగాలేదా నాన్నా?"

"ఇంజను వేడమ్మా. ఎత్తొస్తోంది, కళ్ళు మూసుకో."

ఆమె మూసుకుంది. గేరు మారింది. ఇంజను గొంతు బరువెక్కింది. ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.

"చూశావా," అన్నాడు కొడుకు. "మళ్ళీ అంతే."

ఆమె డబ్బా మూత తీసి, ముద్ద కలిపి వాడి నోటికి అందించింది. "తిను. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు." వాడు నమలలేక నీళ్ళతో మింగాడు. కాసేపాగి బండి వెనక్కి తిప్పాడు.

లారీ తిరిగి రావడం చూసి మెకానిక్ రోడ్డు మీదికే వచ్చేశాడు. చేతిలో ఫోన్ ఉంది. కొడుకు స్టీరింగు వదల్లేదు, దిగలేదు. తల్లే దిగింది.

"ఓనరు లైన్లోనే ఉన్నాడక్కా. నువ్వు పక్కనే ఉన్నావు, ఉన్నదున్నట్టు చెప్పు. ఎలా ఆగింది?"

"దానంతటదే ఆగింది తమ్ముడూ," అంది ఆమె. "ఇక అది బాగుపడదు. తుక్కుకే పంపించెయ్యమను."

మెకానిక్ ముఖం చిన్నబోయింది. "అంటే నా చేతిపనిలోనే ఎక్కడో తేడా ఉందన్నమాట."

ఆమె తల వంచుకుని టిఫిను డబ్బా మూత బిగించింది.

ఎత్తు మొదట్లో, మూసీ మూయని రెప్పల సందులోంచి, ఇంజను ఆపే తీగను కొడుకు లాగడం ఆమె కళ్ళారా చూసింది.