దారి రాళ్ళు

“అవునన్నా, నీ కర్ణభేరికి చిల్లు పడిందని హాజీకి చెప్పింది నేనే. ఏం చేస్తావ్?” అన్నాడు వగ్దీ, రబ్బరు సూటు జిప్పు పైకి లాక్కుంటూ.

సువేలిమ్‌కి ఒళ్ళు మండిపోయింది. కర్ణభేరికి చిల్లు పడ్డ గైడుని ఏ యజమానీ సముద్రం అడుగుకి దించడు. నిక్షేపంలాంటి చెవి! ఆ ఒక్క అబద్ధంతో అతను ఒడ్డున టీ కాచుకునే పనికి దిగిపోయాడు. మొన్న మొన్న కైరో నుంచి ఊడిపడ్డ ఈ వగ్దీగాడు పెద్ద గైడు కాబోతున్నాడు. ఇవాళ వచ్చిన జర్మన్ దంపతుల్ని మెప్పిస్తే చాలు, ఆ పదవి వగ్దీదేనని యజమాని హాజీ ఫర్రాజ్ అందరి ముందూ మాటిచ్చేశాడు.

“ఏం చేస్తాను తమ్ముడూ? టీ కాస్తాను. వెళ్ళు, వాళ్ళకి తాబేళ్ళని చూపించు,” అన్నాడు సువేలిమ్ నవ్వుతూ.

చెయ్యాల్సింది తెల్లవారుజామునే చేసేశాడు మరి. ఆ తీరంలో నీటి అడుగున ఎటు చూసినా ఇసుకే. తాబేళ్ళు మేసే గడ్డి దగ్గరికి పోవాలంటే అడుగున పేర్చిన రాళ్ళ వరసే దారి. ఆ వరస పేర్చినవాడు సువేలిమే. ఎవరూ లేవకముందే నీళ్ళలోకి దిగి, ఒక్కో రాయీ ఈడ్చి, వరసని ఉత్తరానికి తిప్పేశాడు. అటు పీత కూడా ఉండదు.

ముగ్గురూ మునిగారు. సముద్రం చెరువులా కదలకుండా ఉంది. వాళ్ళ బుడగలు పైకి తేలుతూ ఉత్తరానికి సాగిపోతుంటే సువేలిమ్ కళ్ళు చల్లబడ్డాయి.

“అదేమిట్రా, అటు పోతున్నారేం?” అన్నాడు హాజీ కంగారుగా.

“నాకేం తెలుసు హాజీగారూ? చెవి పోయినవాణ్ణి.”

“నీ వెటకారం తగలెయ్య! అక్కడేముంది, ఇసుక తప్ప?”

“ఇసుక చూద్దామని వచ్చారేమో. జర్మనీలో ఉండదు కాబోలు.”

బుడగలు ఒకచోట ఆగిపోయాయి. ఎంతకీ కదలవు. దారి తప్పి బిక్కమొహం వేసుంటాడు వెధవ. హాజీ మొహం జేగురించింది.

“గెస్టులు తిట్టుకుంటూ పైకి రానీ! ఈ పూటే వీణ్ణి కైరో బస్సెక్కించకపోతే నన్నడుగు!”

సువేలిమ్ కడుపు నిండిపోయింది. హాజీ గ్లాసులో ఇంకో చెంచా చక్కెర వేశాడు.

కాసేపటికి తలలు పైకి తేలాయి. జర్మన్ ఆవిడ కేకలు పెడుతోంది. ఆ తిట్లు దగ్గర్నుంచి వినాలని సువేలిమ్ టీ గ్లాసు పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి పరిగెత్తాడు.

ఆవిడ ఏడుస్తోంది. ఏడుస్తూనే వగ్దీ మెడ కావిలించుకుంది.

“సముద్రపు ఆవు! పడవంత జంతువు, దూడతో సహా! మా పక్కనే గడ్డి మేసింది!”

“అక్కడ గడ్డెక్కడిది?” అన్నాడు సువేలిమ్.

“కొత్తగా మొలిచిందన్నా,” అన్నాడు వగ్దీ.

హాజీ చెప్పులతోనే నీళ్ళలోకి దిగొచ్చి వగ్దీని రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టుకున్నాడు. “నాకు బుద్ధి తెలిశాక ఈ తీరంలో సముద్రపు ఆవుని ఎవడూ చూపించలేదురా! ఇవాళ్టి నుంచి పెద్ద గైడువి నువ్వే. నా మాటకి తిరుగులేదు!”

సువేలిమ్ మొహాన నెత్తురు చుక్క లేదు. వగ్దీ తిన్నగా వచ్చి, అతని చేతిలోని టీ అందుకుని ఒక గుక్క తాగి, అందరూ చూస్తుండగా ఆప్యాయంగా కావిలించుకున్నాడు.

“తిరిగొస్తుంటే ఇసుకలో రాళ్ళు ఈడ్చిన చాళ్ళు కనిపించాయన్నా,” అన్నాడు గుసగుసగా. “ఈసారి ఎటు జరుపుతావో కాస్త ముందే చెప్పు, గెస్టుల్ని ఇంకాస్త ఎక్కువమందిని పోగేస్తాను.”