ఏడింటి ఫోను

"మిషను మీద గుడ్డ తీశావా అన్నా?"

"లేదు తమ్ముడూ," అన్నాడు దర్జీ, మిషను తొక్కడం ఆపి.

"గడపైనా దాటావా?"

"దాటబుద్ధి కాలేదు." అప్పటికే వీధి చివరిదాకా వెళ్ళి పాలు తెచ్చుకున్నాడు.

అవతల ఏదో గంట మోగింది. "సరే, రేపు చూద్దాంలే," అంటుండగానే ఫోను కట్టయింది. సరిగ్గా ఐదు నిమిషాలు. రోజూ అంతే.

ఫోను చేసింది దర్జీకి రికవరీ కోచ్. డాక్టరు కాదు. రెండుసార్లు మానసిక వైద్యశాల వార్డులో ఉండి బయటపడ్డాక, తనలాంటివాళ్ళకు తోడు నిలవడమే పనిగా పెట్టుకున్న మనిషి. భార్య పోయి దర్జీ బతుకు మీద ఆశ వదులుకున్నప్పుడు, వారం వారం వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "ఈ గోతి లోతు నాకు తెలుసన్నా. మెట్లెక్కడున్నాయో కూడా తెలుసు," అనేవాడు. రెండు నెలలుగా రావడం మాని, ఫోను మాత్రం చేస్తున్నాడు. "నువ్వు మళ్ళీ మిషను తొక్కేదాకా చేస్తా. తొక్కిన రోజు ఆపేస్తా. అదీ ఒప్పందం."

దర్జీ మూడు వారాలుగా కుడుతూనే ఉన్నాడు. కానీ ఆ గొంతు వినకుండా తెల్లవారడం తలుచుకుంటేనే గుండె జారిపోయేది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు, ప్రాణం నిలుపుకోవడానికి ఒకటాడితే పాపమా అని సరిపెట్టుకున్నాడు.

ఆ ఉదయం కుడుతున్నది కోచ్ కోసమే, నీలం చొక్కా. కొలతలు మనిషిని చూసిన గుర్తుతోనే వేసుకున్నాడు. చివరి గుండీ కుట్టాక సిగ్గేసింది. నిజం చెప్పేద్దాం, రెండు తిట్లు తిడితే తిడతాడు అనుకుని, చొక్కా పొట్లం కట్టుకుని వాళ్ళింటికి నడిచాడు.

తలుపు తట్టీ తట్టకముందే కోచ్ భార్య తెరిచింది. చేతిలో ఫోను. దర్జీని చూసి ఆమె ముఖం వాడిపోయింది.

"తమ్ముడున్నాడా చెల్లెమ్మా?"

"లేరు అన్నయ్యగారూ. వెళ్ళి రెండు నెలలైంది."

దర్జీ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆలుమగల గొడవేమో, మధ్యలో తానెందుకు దూరడం? "నాతో అనలేదే! రోజూ ఏడింటికి మాట్లాడతాడు. ఇవాళా మాట్లాడాడు."

ఆమె గడప దాటి దగ్గరికొచ్చింది. "రోజూనా?"

"ఒక్క రోజూ తప్పలేదు. నేను మిషను తొక్కేదాకా చేస్తానని మాటిచ్చాడు. నేనేమో తొక్కుతూనే, లేదని చెబుతూ..."

"నాకు ఒక్కసారీ చేయలేదు," అందామె. "ఫోను చేతిలో పెట్టుకునే పడుకుంటున్నా. నా మీద కోపమేమో, ఏం తప్పు చేశానోనని ఏడవని రోజు లేదు. వెళ్ళి చూద్దామంటే అప్పుడే రావద్దన్నారు."

"ఎవరు రావద్దన్నారు? ఎక్కడున్నాడసలు?"

"మళ్ళీ ఆ వార్డులోనే," అంటూ ఆమె చేతిలోని ఫోను వంక చూసుకుంది. "అక్కడ రోగికి రోజుకి ఒక్క ఫోనే చేసుకోనిస్తారు."