ఇంకో అధ్యాయం

నవల కాగితాలు మళ్ళీ తారుమారయ్యాయి. నూట నలభై తర్వాత పన్నెండు. పన్నెండు కింద రెండు వందల ఆరు.

"అమ్మా! నా బల్ల మీద చెయ్యి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను?" గదిలోంచి కూతురు అరిచింది.

"దుమ్ము పట్టిందే తల్లీ. దుమ్ము మంచిది కాదు," వంటింట్లోంచి తల్లి జవాబిచ్చింది.

"దుమ్ము దులిపితే కాగితాలు పేకముక్కల్లా కలిసిపోతాయా?"

"గాలికి కలిసుంటాయి."

"కిటికీ మూసే ఉంది!"

తల్లి గిన్నెలు కాస్త గట్టిగా తోమింది. కాగితాలన్నీ వరసలో పెట్టుకునేసరికి కూతురికి ఆ పూట కాస్తా గడిచిపోయింది. ఒక్క వాక్యం రాస్తే ఒట్టు.

కూతురు హైస్కూల్లో సైన్సు టీచరు. పదకొండేళ్ళుగా ఒకే నవల రాస్తోంది. బస్సులో నిలబడి పుస్తకాలు చదివేది. పరీక్ష గదిలో బెంచీల మధ్య తిరుగుతూ మనసులో వాక్యాలు కట్టుకుని, గంట కొట్టగానే స్టాఫ్ రూముకి పరుగెత్తి, సుద్దముక్క అంటిన చేతులతోనే రాసుకునేది. ఇప్పుడు నవల పూర్తి చేయడానికని ఆరు నెలలు సెలవు పెట్టింది. బళ్ళో అందరికీ అదే చెప్పింది.

తల్లి చదువు ఐదో తరగతితో ఆగింది. భయాలు మాత్రం పెద్ద చదువే చదివాయి. ఫోను మోగితే చెడ్డ కబురే. కూతురు రావడం పది నిమిషాలు ఆలస్యమైతే బస్సు బోల్తా పడినట్టే. తుమ్మితే జ్వరం, జ్వరమొస్తే ఇంకేదో. "మా అమ్మ ముందే ఏడ్చేసి పెట్టుకుంటుంది, తర్వాత పని తగ్గుతుందని," అని కూతురు నవ్వేది.

అయినా పదకొండేళ్ళలో ఏనాడూ ఆవిడ రాతకి అడ్డం రాలేదు. ఈ సెలవులోనే నవల మీద పగబట్టింది.

పెన్నులు మాయమయ్యేవి. వీధిలో ఎవరు కనిపించినా పిలిచి కూతురి ఎదుట కూర్చోబెట్టేది. కూతురు రాసినంత మేరా చదివి వినిపిస్తే, శ్రద్ధగా విని సందేహాలు లేవదీసేది.

"మూడో అధ్యాయంలో సైకిళ్ళు బాగుచేసేవాడు ఉన్నాడు చూడు. వాడికి పెళ్ళయిందా?"

"వాడు టైరుకి గాలి కొట్టడానికి వచ్చాడమ్మా. కొట్టాడు, పోయాడు. అంతే."

"అయ్యో, అలా వదిలేస్తావుటే? వాళ్ళమ్మ ఎంత బెంగపడుతుందో!"

కూతురు తల పట్టుకుంది. మర్నాడు సైకిళ్ళవాడికి సంబంధం చూసింది. పదహారో అధ్యాయం అలాగే పుట్టింది. పదిహేడోది వాడి అత్తగారి గురించి.

ఒక ఆదివారం పొద్దున కూతురు పెన్ను మూత తీస్తూ అంది. "అమ్మా, ఇవాళతో ఆఖరు. ఒక్క పేజీ. మధ్యాహ్నానికి ముగించేస్తాను."

తల్లి చేతిలోని పాలగ్లాసు బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచింది. రెండు వీధుల అవతల, అదే బళ్ళో పనిచేసే ఇంకో సైన్సు టీచరు ఇల్లు.

"అమ్మాయ్, అర్ధసంవత్సరం పేపర్లు దిద్దేశావా?"

"ఎక్కడ పిన్నిగారూ! నూట ఇరవై. కట్ట చూస్తేనే కళ్ళు తిరుగుతున్నాయి."

"ఇలా ఇవ్వు. మా అమ్మాయి దిద్దుతుంది."

"సెలవులో ఉన్న మనిషికా? ఆవిణ్ణి రాసుకోనివ్వండి పిన్నిగారూ. ఇన్నాళ్ళకి తీరిక దొరికింది."

"తీరికేమిటి, తీరిక! బడి పని మర్చిపోతే రేపు పాఠమెలా చెబుతుంది? ఇస్తావా, ఇవ్వవా?"

ఇవ్వకుండా ఉండటానికి ఆవిడేం పిచ్చిది కాదు. సంచీతో సహా ఇచ్చేసింది.

తల్లి ఆ కట్ట తెచ్చి నవల కాగితాల మీద దభీమని పెట్టింది. "పిల్లలవి. ముందు ఇవి చూడు."

కూతురు కట్టకేసి చూసింది. తల్లికేసి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నా పుస్తకం నీకేం అపకారం చేసిందమ్మా? పదకొండేళ్ళు రాశాను. అట్ట మీద నా పేరు ఒక్కసారి చూసుకోవాలనుంది. అదీ తప్పేనా?"

"చూసుకుందువుగానిలే. తొందరేముంది?"

"నాకుంది."

తల్లి ఎర్ర పెన్ను మూత తీసి కూతురి వేళ్ళ మధ్య పెట్టింది. బడిపిల్లల పనంటే కూతురికి కాదనడం చేతకాదని ఆవిడకి తెలుసు.

కాసేపటికి గదిలోంచి నవ్వు వినిపించింది. "అమ్మా, ఇది విను. మనం ఊపిరి ఎందుకు పీల్చవలెను అంటే, 'టీచరుగారు పీల్చమన్నారు కనుక' అని రాసిందొక పిల్ల!"

"దానికి మార్కులు పూర్తిగా వెయ్యి," అంది తల్లి, తలుపవతల గోడకి ఆనుకుని కొంగుతో కళ్ళొత్తుకుంటూ. నూట ఇరవై పేపర్లు. రోజుకి పదిహేను దిద్దినా ఎనిమిది రోజులు. ఆ తర్వాత సైకిళ్ళవాడికి పాపో బాబో పుట్టకపోతారా?

మూడు నెలల కిందట ఆస్పత్రిలో, "ఈ నవల పూర్తయ్యేదాకా నన్ను బతికించండి డాక్టరుగారూ, చాలు," అని కూతురు అడగడం, డాక్టరు రిపోర్టులు మూసేసి, "అంతవరకు నాది పూచీ," అనడం ఆ తల్లి తలుపు చాటున నిలబడి విన్నది.