నీళ్లోసుకున్నది

నది నీళ్లలో మా కుటుంబానికున్న వాటా ఒక్కటే. అందుకే రోజూ పొద్దున్నే మా వరి మడికీ, పట్నంలో మా తోడికోడలు హేమలత ఇంటి నల్లాకూ మధ్య కేసు నడుస్తుంది. గోడకు బిగించిన నీళ్ల కోర్టు పెట్టె ఇద్దరి వాదనా విని అక్కడికక్కడే తీర్పు చెబుతుంది.

వరి పొట్ట మీదుంది. కంకి బయటికి రావాలంటే ఇంకొక్క తడి పెట్టాలి. పది రోజులుగా హేమలతే గెలుస్తోంది. దాని బాల్కనీలో గులాబీలు కూడా పూశాయట.

ఆ రోజు నేను వాదన మొదలుపెట్టబోతుంటే అత్తమ్మ సంబరంగా వచ్చింది.

"ఓ సరూపా, ఇన్నవా? మన హేమ నీళ్లోసుకున్నదట!"

దానికి పెళ్లయి ఏడాది కాలేదు. నాకు తొమ్మిదేళ్లయినా కడుపు పండలేదు.

"నీళ్లూ దానికే, బిడ్డా దానికేనా? నీళ్లోసుకున్నదట, నీళ్లు!" అని అరిచాను.

పెట్టె వెలిగింది. "సాక్ష్యం నమోదైంది. తీర్పు రాకముందే ప్రతివాది నీళ్లు పోసుకున్నారు. నిజమైతే వారం పాటు నల్లా బంద్, నీళ్లు మడికి. ఇది నిజమేనా? వాది మాత్రమే చెప్పాలి."

అత్తమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "అయ్యో, కడుపుతోని ఉన్నదని చెప్పు బిడ్డా! యావిళ్ల పిల్ల, నీళ్లు లేకుంటె ఎట్ల?"

కిటికీలోంచి మడి కనబడుతోంది, ఆకులు చుట్టుకుపోయి. నా చేతుల మీద పొట్టకొచ్చింది అదొక్కటే.

"నిజమే," అన్నాను పెట్టెతో. "నీళ్లోసుకున్నది."